తానాకు పీఠం నమూనా: ఎనిమిదేళ్ల వాడకం తరువాత

పాత నిబంధన పాఠాలు చెప్పేటప్పుడు బల్లమీద పెట్టుకోవడానికి, ప్రాచీన కనాను పట్టణమైన తానాకులో దొరికిన ఆరాధనా పీఠం నమూనాను ఎనిమిదేళ్ల క్రితం కొన్నాను. 1968లో పురావస్తు శాస్త్రవేత్త పాల్ లాప్ తవ్వకాల్లో బయటపడిన అసలు మట్టి పీఠం క్రీ.పూ. 10వ శతాబ్దానిది, దాని ఎత్తు సుమారు 54 సెంటీమీటర్లు. నా దగ్గరున్నది అందులో సగం ఎత్తున్న ప్లాస్టర్ పోత.

దీనివల్ల నాకు కలిగిన పెద్ద ప్రయోజనం పక్క గోడలు. ఛాయాచిత్రాల్లో ముందువైపు నాలుగు అంతస్తులే కనిపిస్తాయి కనుక సింహాలూ కెరూబులూ (మనిషి తల, రెక్కలు ఉన్న జంతురూపాలు) ఉత్త తలలుగా మనసులో నిలిచిపోతాయి. నమూనాను తిప్పి చూస్తే వాటి శరీరాలు పక్కల వెంబడి సాగి, పీఠానికి కావలి కాస్తున్నట్లు తోస్తుంది. అడుగు అంతస్తులో నగ్నంగా నిలిచిన స్త్రీ రెండు సింహాల చెవులు పట్టుకుని ఉంటుంది. మూడో అంతస్తులోనూ సింహాలు అలాగే ఉన్నాయి కానీ, వాటి నడుమ స్త్రీకి బదులు ఒక చెట్టు, దానికి చెరోవైపు మేస్తున్న కొండమేకలు కనిపిస్తాయి. ఈ రెండింటినీ వేలు పెట్టి చూపించాక, చెట్టు కనానీయుల దేవత అషేరాకు గుర్తన్న వాదాన్నీ, ఆ పేరుకు మన బైబిల్లో వాడిన ‘దేవతాస్తంభము’ అన్న మాటనూ వివరించడం తేలికైంది. తానాకును ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన మనష్షీయులు స్వాధీనపరచుకోలేదని న్యాయాధిపతుల గ్రంథమే చెబుతోంది కాబట్టి, ఇది ఇశ్రాయేలీయుల పీఠమా కనానీయులదా అన్న ప్రశ్న కూడా అక్కడే లేస్తుంది.

లోపాలు చిన్నవి కావు. రెండో అంతస్తులో కెరూబుల మధ్య అసలు పీఠానికి ఉన్న ఖాళీ ద్వారాన్ని పోత పోసినవారు పూడ్చి నునుపు చేశారు. కెరూబుల నడుమ ఆసీనుడైన, కంటికి కనబడని యెహోవాకు ఆ ఖాళీయే సంకేతమని కొందరు పండితులు భావిస్తారు. అంటే పూడిపోయినది వాదానికి ఆధారమైన చోటే. పై అంతస్తులో రెక్కల సూర్యబింబం కింద నిలిచిన జంతువుకు కొమ్ములు కూడా తగిలించారు. అసలులో కొమ్ములు కనిపించవు. అందుకే అది ఇశ్రాయేలు రాజు యరొబాము చేయించిన బంగారు దూడలను తలపించే కోడెదూడ అని కొందరు, యూదా రాజు యోషీయా ఆలయం నుంచి తొలగించిన సూర్యుని గుర్రాలకు దగ్గరిదని మరికొందరు వాదిస్తున్నారు. నమూనా చేసిన శిల్పి ఆ తగువును మనకు చెప్పకుండానే తీర్చేశాడు.

సింహం చెవి ఒకటి మూడో ఏడాదే రాలిపోతే అతికించుకున్నాను. నిరుడు డ్రిల్లుతో ఆ ద్వారాన్ని కూడా తొలిపించాను. కొమ్ములను మాత్రం అరగదీయలేదు. తొలి పాఠం రోజున ‘ఇది ఏ జంతువు?’ అని అడిగి, అందరూ ఎద్దు అన్నాక అసలు పీఠం ఛాయాచిత్రం తీసి చూపిస్తున్నాను.