కోళ్ల గూటికి కుట్టించిన టార్పాలిన్ పరదాలు: ఒక చలికాలం వాడిన తరువాత

నల్గొండ శివారులోని మా పెరట్లో 14 కోళ్లున్నాయి. వాటిలో 8 గ్రామప్రియ పెట్టలు, 5 నాటు పెట్టలు, ఒకటి పుంజు. ఇంటి తూర్పు గోడకు ఆనించి 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తున రేకుల కప్పుతో గూడు కట్టించి, మిగిలిన మూడు వైపులా ఇనుప జాలీ బిగించాము. వేసవిలో ప్రాణానికి హాయిగా ఉండే ఆ జాలీయే కార్తీకం దాటేసరికి ఇబ్బంది పెడుతుంది. ఈశాన్యపు గాలి రాత్రంతా దండెం మీది కోళ్లను నేరుగా తాకుతుంది. నిరుటి వరకు గోనె పట్టాలు కట్టి నెట్టుకొచ్చాము గానీ, అవి మంచుకు తడిసి బరువెక్కడం, మడతల్లో పేలు చేరడం చూసి విసిగి, ఈసారి పట్టణంలో టార్పాలిన్లు కుట్టే ఒక దుకాణంలో మూడు వైపులకూ కొలత ఇచ్చి పరదాలు కుట్టించాను. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాడి చూశాక రాస్తున్న అభిప్రాయమిది.

సరుకు విషయంలో వంక పెట్టడానికి లేదు. దుకాణదారు మొదట 120 జీఎస్ఎం చాలన్నారు, నేను 200 అడిగాను. చదరపు మీటరు పట్టా 200 గ్రాములు తూగుతుందన్నమాట. ఆ మందం ఉంటే జాలీ అంచులకు రాసుకున్నా తొందరగా చిరగదు. మొత్తం 144 చదరపు అడుగులకు కుట్టుకూలి, రింగులు కలిపి 1,750 రూపాయలైంది. నాలుగు నెలల ఎండకూ మంచుకూ ఎక్కడా పగలలేదు, కుట్టు ఊడలేదు.

పనితనం మాత్రం అంత గొప్పగా లేదు. చెప్పిన రోజుకు ఇవ్వక తొమ్మిది రోజులు తిప్పించుకున్నారు. రెండడుగులకు ఒక రింగు వేయమని కాగితం మీద రాసిచ్చినా మూడడుగులకు ఒకటి వేశారు. దాని ఫలితం మొదటి గాలి రాత్రే తెలిసింది. రింగుకూ రింగుకూ మధ్య పట్టా ఉబ్బి, టపటపా కొట్టుకుంటూ ఉంటే, కోళ్లన్నీ దండెం దిగి గోడ మూలకు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఆ బెదురుకు రెండు రోజులు గుడ్లు సగానికి సగం తగ్గాయి. చివరకు వెదురు బద్దలు తెచ్చి, పట్టాను జాలీకి అదిమి కట్టుకున్నాను. ఊడిపోయిన రెండు రింగులను మాత్రం మారుమాట లేకుండా ఉచితంగానే వేసిచ్చారు.

నా అసలు ఫిర్యాదు వారు ఇచ్చిన సలహా మీద. “పైన గట్టిగ కట్టి కిందికి ఇడవాలె సార్, ఒక్క సందు గూడ ఉంచొద్దు, కోళ్లకు మస్తు ఎచ్చగుంటది” అన్నారు. నేనూ అలాగే కట్టాను. తెల్లవారి తలుపు తీసి, కోడి ఎత్తున గొంతుకూర్చుని చూస్తే కళ్లు భగ్గుమన్నాయి. నిలబడితే అంతగా తెలియని ఘాటు అక్కడ, మోకాలి ఎత్తున, పేరుకుని ఉంది. పరదా లోపలి వైపు అరచేయి ఆనిస్తే నీళ్లు కారాయి. అప్పుడే పెరట్లోకి వచ్చిన మా అమ్మ ఆ తడి చేయి చూసి, “ముసుగుతన్ని పండుకుంటె మనకే ఊపిరాడదు బిడ్డా, గిన్ని కోళ్లకు ఆడుతదా?” అంది.

ఆమె మాటలో విషయమంతా ఉంది. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు. మన వైపు బాగా చలి పెట్టే రాత్రి 12, 13 డిగ్రీలున్నా, ఒళ్లు పొడిగా ఉండి ఈకలు విప్పార్చుకునే వీలుంటే పెద్ద కోడికి అది లెక్కలోనిది కాదు. కాళ్లను పొట్ట ఈకల కింద దాచుకుని, తలను రెక్కలో దూర్చి నిద్రపోతుంది. దానికి కీడు చేసేవి రెండు: ఈకల మధ్యకు దూరే గాలి, గూట్లో నిలిచే చెమ్మ. ఊపిరి తేమ, రెట్టల తడి బయటికి పోయే దారి లేకపోతే కింద పరిచిన ఊక నానుతుంది, అందులోంచి అమ్మోనియా లేస్తుంది, ఆ వెనకే గురక, కంటి వాపు మొదలవుతాయి. అందుకే షాద్‌నగర్ వైపు కోళ్ల ఫారాల్లో పరదాను కింద బిగించి, పై నుంచి దించేలా కడతారు. మూడో రోజు నేను పరదాలను తలకిందులు చేసి, కింది అంచు బిగించి, పైన జానెడు సందు వదిలి, చిన్న గిలక తాడుతో ఎత్తి దించేలా మార్చాను. వారంలో ఘాటు పోయింది. పిడికెడు ఊక తీసి పిండితే ముద్ద కట్టక పొడిపొడిగా రాలడం మొదలైంది. మిర్యాలగూడ మిల్లు ఊకను మూడంగుళాల మందాన పరిచి, రెండు రోజులకొకసారి తిరగేయడం కూడా ఇందుకు తోడ్పడిందని చెప్పాలి.

రంగు ఎంపికలో పొరపాటు నాదే. నీలి పట్టా తీసుకోవడంతో పరదా దించేదాకా గూడు చీకటిగానే ఉండేది. డిసెంబరులో మనకు పగలు 11 గంటలే. పెట్ట నిండుగా గుడ్లు పెట్టాలంటే 14 గంటల వెలుతురైనా కావాలి. కుట్టించుకునే వారు తూర్పు వైపుకైనా వెలుతురు దిగే తెల్ల పట్టా అడగండి. నేను తెల్లవారుజామున వెలిగేలా చిన్న ఎల్ఈడీ బల్బు పెట్టుకున్నాను. సాయంత్రం పెడితే, ఒక్కసారిగా ఆర్పినప్పుడు కోళ్లు దండెం వెతుక్కోలేక కిందే ఉండిపోతాయి.

పరదాలతోపాటు వేడికని వంద వాట్ల బల్బు, హోల్డరు కూడా అంటగట్టబోయారు, నేను తీసుకోలేదు. పెద్ద కోళ్లకు అది అక్కరలేదు. పైగా ఎండు ఊక, ప్లాస్టిక్ పట్టా ఉన్న చోట కాలే బల్బు వేలాడదీయడం ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. పిల్లల సంగతి వేరు. మొదటి వారం వాటికి 35 డిగ్రీల వరకు వేడి కావాలి, తరువాత వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. అయితే వాటిని పెంచాల్సింది ఈ జాలీ గూట్లో కాదు, ఇంటి లోపల. పరదా ఉంది కదా అని కొక్కెర తెగులు టీకా మానుకోవడమూ తప్పే.

ఇక మూడు పరదాల్లో దక్షిణపు పరదా నాకు అవసరమే పడలేదు. తూర్పు, ఉత్తరం మూస్తే గాలి ఆగింది. దక్షిణం తెరిచి ఉంటేనే పగటి ఎండ ఊక మీద పడుతోంది. కాబట్టి ఇలాంటి గూడున్న వారు రెండు వైపులకే కొలత ఇవ్వండి, రింగుల దూరాన్ని డబ్బు కట్టే ముందే టేపుతో కొలిచి చూసుకోండి. ఆ మూడోది ప్రస్తుతం మా మేడ మీద ఉంది. అమ్మ దాని మీద మిరపకాయలు ఆరబోస్తోంది.