ఎండిన నోటికి మాత్రా, జన్యువా?
నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న చాలామందికి లాలాజల గ్రంథులు దెబ్బతింటాయి. అన్నం ముద్ద గొంతు దిగదు. రాత్రి తలగడ పక్కన నీళ్ల సీసా ఉండాల్సిందే.

పైలోకార్పిన్ మాత్ర మిగిలి ఉన్న కణాలను తట్టిలేపి లాలాజలం ఊరేలా చేస్తుంది. ఆ కణాలే చచ్చిపోతే దేన్ని లేపుతుంది? పైగా ఒళ్లంతా చెమటలు.

జన్యుచికిత్స దారి వేరు. రేడియేషన్‌కు తట్టుకుని నిలిచిన లాలాజల గ్రంథి నాళాల కణాల్లోకి ఆక్వాపోరిన్-1 జన్యువును, జబ్బు చేయని వైరస్ ద్వారా పంపుతారు. కణాల పొరలో నీటికి దారులు ఏర్పడతాయి. ఒంటికి సూది గుచ్చరు. బుగ్గ లోపల తెరుచుకునే గ్రంథి నాళం గుండానే ఎక్కిస్తారు. అమెరికాలో బ్రూస్ బామ్ బృందం 2012లో ప్రచురించిన తొలి ప్రయోగంలో 11 మందిలో ఆరుగురికి లాలాజలం పెరిగింది. చిన్న సంఖ్యే, అయినా నా ఆశంతా ఇటే.