పళ్లూ గాట్లూ ఉన్న అయాన్ల అట్టలు: చాలాకాలం వాడాక

ఫార్ములాలో ఒకదాని సంయోజకతను (కలిసే శక్తిని చెప్పే అంకెను) రెండోదాని కింద అడ్డంగా మార్చి రాసే పద్ధతి మీద నాకు ఎప్పటినుంచో కోపం. మెగ్నీషియం ఆక్సైడ్ ఫార్ములా రాయమంటే పిల్లలు రెండింటి కిందా 2 వేస్తారు, తర్వాత ఎందుకో తెలియకుండానే కొట్టేస్తారు. అయాన్ల (ఆవేశం ఉన్న కణాల) అట్టలుండే ఈ పెట్టెతో ఆ కొట్టివేత పోయింది. ధన అయాన్ అట్టకు ఆవేశం ఎంతో అన్ని పళ్లు, ఋణ అయాన్ అట్టకు అన్ని గాట్లు. మెగ్నీషియం రెండు పళ్లూ ఆక్సైడ్ రెండు గాట్లలో దిగితే పని అయిపోయినట్టే.

ఒడిశాలోని రాయగడలో నా దగ్గరికి ట్యూషన్‌కు వచ్చేవాళ్లలో కొందరి తండ్రులు కాశీపూర్ వైపు అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) కర్మాగారంలో పనిచేస్తారు. ఆ తెల్లపొడిలో అల్యూమినియం 2, ఆక్సిజన్ 3 ఎందుకుంటాయో ఆ పిల్లలే అట్టలు పేర్చి, అంచులు సమమయ్యాక నాకు చెప్పారు. బ్రాకెట్ సంగతి మరీ బాగుంది. సల్ఫేట్ మొత్తం ఒకే అట్ట కాబట్టి, అల్యూమినియం సల్ఫేట్‌లో 3 బ్రాకెట్ బయట ఎందుకు ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ సంతోషంలో తెలిసిన మాస్టార్లందరినీ కొనమన్నాను. ఇప్పుడైతే ఇంకొక మాట చేర్చి చెబుతాను.

ప్లస్ టూ చదివే ఒక అమ్మాయి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), పొటాషియం అయోడైడ్ చర్యకు సమీకరణం రాసింది. రాగి రెండు పళ్లకు రెండు అయోడైడ్లు చక్కగా అమిరాయి. పొటాషియం సల్ఫేట్ కూడా కుదిరింది, సమీకరణం తుల్యమైంది. రెండు ద్రావణాలూ పరీక్షనాళికలో కలిపాం. నీలం పోయి, మడ్డిగా గోధుమరంగు వచ్చింది. "మాస్టారూ, టించర్ రంగు వచ్చిందేమిటి?" అంది. కొంచెం వేరే నాళికలోకి తీసి గంజి చుక్క వేస్తే ముదురు నీలమైంది. అయోడిన్ విడుదలైందన్నమాట. మిగిలినది తేర్చి కడిగితే అడుగున దాదాపు తెల్లటి అవక్షేపం మిగిలింది. అది క్యూప్రస్ అయోడైడ్, అంటే ఆవేశం 1 ఉన్న రాగిది. అట్టలు చూపించిన క్యూప్రిక్ అయోడైడ్ (ఆవేశం 2 ఉన్న రాగిది) అక్కడ నిలవనే లేదు. అయోడైడ్ తన ఎలక్ట్రాన్‌ను రాగికి ఇచ్చేసింది, రాగి ఆవేశం 2 నుంచి 1కి దిగింది. అసలు లెక్క ఇది: కాపర్ సల్ఫేట్ 2, పొటాషియం అయోడైడ్ 4 కలిస్తే క్యూప్రస్ అయోడైడ్ 2, అయోడిన్ అణువు 1, పొటాషియం సల్ఫేట్ 2. పళ్ల సంఖ్య ముందే కోసి పెట్టిన అట్ట ఈ మార్పును చూపించలేదు. పెట్టెలో ఇనుముకు రెండు రకాల అట్టలు ఇచ్చినవాళ్లు రాగికి ఒక్కటే ఇవ్వడం నాకు నచ్చలేదు. ఒంటిపన్ను రాగిని పాత శుభలేఖ అట్టతో కత్తిరించుకున్నాం.

అయాన్లు జతలు మార్చుకోవడమే జరిగే చర్యలకు మాత్రం దీనికి తిరుగులేదు. సిల్వర్ నైట్రేట్, ఉప్పు ద్రావణాలు కలిసినప్పుడు సిల్వర్, క్లోరైడ్ అట్టలు జతకడితే, సోడియం, నైట్రేట్ విడిగా పక్కన ఉండిపోతాయి. ప్రేక్షక అయాన్లంటే ఏమిటో పిల్లలకు అక్కడే అర్థమవుతుంది.

వానాకాలంలో అంచులు ఉబ్బుతాయి, లామినేషన్ చేయించుకోండి. నాలా ఇంట్లో నలుగురైదుగురికి చెప్పేవారు తొమ్మిది, పది తరగతులకు ధైర్యంగా కొనవచ్చు. నిండు తరగతికి ఒక్క పెట్టె చాలదు. ప్లస్ టూ పిల్లలకైతే, పక్కన పరీక్షనాళికలూ రసాయనాలూ పెట్టగలిగినవారికే కొనమంటాను.