గో స్లాగ్ ప్యాకేజీ రివ్యూ: లాగ్ లెవెళ్ల వరకు

గో ప్రోగ్రామింగ్ భాష 1.21 వెర్షన్‌తో 2023 ఆగస్టులో స్లాగ్ అనే లాగింగ్ ప్యాకేజీ (ప్రోగ్రామ్ నడుస్తూ ఏం చేస్తోందో వరుసలుగా రాసేది) స్టాండర్డ్ లైబ్రరీలోకి వచ్చింది. దాని గురించి రాసినవాళ్లు ఎక్కువగా జేసన్ అవుట్‌పుట్ గురించో, వేగం గురించో రాశారు. ఇక్కడ చూసేది లెవెళ్లు, అంటే ఒక్కో వరుసకు ఇచ్చే తీవ్రత గుర్తులు మాత్రమే. ఆన్‌కాల్‌లో (సమస్య వస్తే వెంటనే చూసే డ్యూటీలో) ఉన్నవాళ్ల ఫోన్ అర్ధరాత్రి మోగాలా, పొద్దున టీ తాగుతూ చూసుకోవచ్చా అనేది తేలేది అక్కడే. స్లాగ్ ఈ పనిని చాలావరకు బాగా చేసింది. ఇబ్బందంతా అది వేరే సిస్టమ్‌లతో కలిసే అంచుల దగ్గర వస్తుంది.

గోలో పాత లాగ్ ప్యాకేజీకి లెవెళ్లు లేవు. ప్రింట్, ఫేటల్, ప్యానిక్, అంతే. అందుకే తలా ఒక లైబ్రరీ పట్టుకున్నారు, ఒక్కోదానిలో లెక్క ఒక్కోలా ఉంటుంది. జాప్‌లో 1 అంటే వార్న్, జీరోలాగ్‌లో 1 అంటే ఇన్ఫో, లాగ్‌రస్‌లో 1 అంటే ఫేటల్. లాగ్‌రస్‌లో అంకె పెరిగేకొద్దీ తీవ్రత తగ్గుతుంది, మిగతా రెండింటిలో పెరుగుతుంది. ఒకే సంస్థలో మూడు టీములు మూడు లైబ్రరీలు వాడుతూ అంకెల్నే డేటాబేస్‌లోకి పంపితే డాష్‌బోర్డు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

స్లాగ్ అంకెలు: డీబగ్ -4, ఇన్ఫో 0, వార్న్ 4, ఎర్రర్ 8. మొదటిసారి చూస్తే విచిత్రంగా ఉంటుంది కానీ ప్రతిదానికీ కారణం ఉంది. గోలో ఏ వేరియబుల్‌కైనా విలువ ఇవ్వకపోతే సున్నా ఉంటుంది. ఇన్ఫోని సున్నా చేయడంతో ఏమీ సెట్ చేయనివాళ్లకు సరైన డిఫాల్ట్ దానంతటదే దొరికింది. మధ్యలో నాలుగేసి ఖాళీ వదిలింది సొంత లెవెళ్ల కోసం. లాగ్‌లు, మెట్రిక్‌లు పంపే ఉమ్మడి ప్రమాణం ఓపెన్‌టెలిమెట్రీలో డీబగ్ 5, ఇన్ఫో 9, వార్న్ 13, ఎర్రర్ 17 దగ్గర మొదలవుతాయి. ఒక్కోదాంట్లోంచి 9 తీసేస్తే స్లాగ్ అంకెలే వస్తాయి. టేబుల్ అక్కర్లేకుండా ఒక్క తీసివేతతో మార్పిడి అయిపోతుంది. ఈ డిజైన్‌కి పూర్తి మార్కులు.

సొంత లెవెల్ కావాలంటే ఒక కాన్‌స్టెంట్ చాలు. ట్రేస్ -8, నోటీస్ 2 అని పెట్టుకోవచ్చు. పేరు మాత్రం స్లాగ్‌కి తెలియదు కాబట్టి నోటీస్ అవుట్‌పుట్‌లో ‘ఇన్ఫో+2’గా, ట్రేస్ ‘డీబగ్-4’గా వస్తుంది. పేరు సరిచేయడానికి హ్యాండ్లర్ (వరుసను ఏ రూపంలో, ఎక్కడ రాయాలో చూసే భాగం) ఆప్షన్లలో రీప్లేస్‌అట్ర్ ఫంక్షన్ (కీ, విలువ రాసేముందు మార్చేది) ఇవ్వాలి. డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణ దీన్ని చేసి చూపిస్తుంది కానీ అందులో ఒక గుంత ఉంది. కీ పేరు ‘లెవెల్’ అయితే చాలు, విలువ స్లాగ్ లెవెలే అనుకుని నేరుగా టైప్ అసర్షన్ చేస్తుంది (విలువ ఫలానా టైపే అని తీసుకుంటుంది). ఎవరైనా గేమ్ లెవెలో, నీటి మట్టమో అదే కీతో పూర్ణాంకంగా లాగ్ చేస్తే ఆ వరుస దగ్గర ప్రోగ్రామ్ ప్యానిక్ అవుతుంది, అంటే ఎవరూ పట్టుకోకపోతే కూలిపోతుంది. అసర్షన్‌లో రెండో విలువ తీసుకుని చూడాలి, గ్రూపుల జాబితా ఖాళీగా (అంటే కీ ఏ గ్రూపు లోపలా లేకుండా) ఉన్నప్పుడు మాత్రమే మార్చాలి. ఈ రెండు షరతులూ లేకుండా ఆ కోడ్‌ని కాపీ చేయొద్దు.

ఫేటల్ లెవెల్ లేదని చాలామంది ఫిర్యాదు చేస్తారు. లేకపోవడమే మంచిది. పాత లాగ్ ప్యాకేజీలో ఫేటల్ పిలిస్తే ప్రాసెస్ ఎగ్జిట్ కోడ్ 1తో అక్కడికక్కడే ఆగిపోతుంది, డిఫర్‌తో (ఫంక్షన్ ముగిసేటప్పుడు నడిచేలా) పెట్టిన పనులు ఏవీ నడవవు. సగంలో ఉన్న ట్రాన్సాక్షన్‌కి మనం రాసిన రోల్‌బ్యాక్ నడవదు, బఫర్‌లో ఉన్నది డిస్కుకు చేరదు. ఏ మూలనో ఉన్న లైబ్రరీ ఫంక్షన్ తీవ్రత చెప్పే మిషతో ప్రాసెస్‌ని ఆపేయడం ఏ లెక్కన చూసినా తప్పే. స్లాగ్‌తో పద్ధతి ఇలా ఉండాలి: అసలు పనంతా ఎర్రర్ తిరిగిచ్చే ఒక రన్ ఫంక్షన్‌లో పెట్టి, మెయిన్‌లో దాన్ని పిలిచి, ఎర్రర్ వస్తే స్లాగ్‌తో ఎర్రర్ లెవెల్‌లో రాసి, ఆ తర్వాతే ఎగ్జిట్ చేయాలి.

కానీ వాడే పాత లైబ్రరీలు ఇంకా లాగ్ ప్యాకేజీ ఫేటల్‌నే పిలుస్తుంటాయి. స్లాగ్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు ఇదే. సెట్‌డిఫాల్ట్‌తో మన హ్యాండ్లర్ పెట్టగానే పాత లాగ్ ప్యాకేజీలో రాసేవన్నీ దానిలోకే వస్తాయి, అన్నీ ఇన్ఫో లెవెల్‌లో. ఫేటల్ కూడా ఇన్ఫోనే! ప్రొడక్షన్‌లో ఖర్చు తగ్గిద్దామని హ్యాండ్లర్ లెవెల్ వార్న్‌కి పెంచారనుకోండి, ప్రాసెస్ ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో చెప్పే వరుస మాత్రం ఎక్కడా ఉండదు. కంటెయినర్ మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంటే లాగ్ ఖాళీగా కనిపిస్తుంటుంది. గో 1.22లో వచ్చిన సెట్‌లాగ్‌లాగర్‌లెవెల్ దీనికి మందు. సెట్‌డిఫాల్ట్ పక్కనే దానికి ఎర్రర్ ఇస్తే పాత ప్యాకేజీ నుంచి వచ్చేవి ఎర్రర్‌గా వస్తాయి. మామూలు ప్రింట్ వరుసలూ ఎర్రరే అవుతాయి, అది నిజమే. ఆ గోల ఎక్కువైతే వార్న్ ఇవ్వండి. చచ్చేముందు రాసిన వరుస పోవడం కన్నా ఆ గోలే నయం. పట్టుకోని ప్యానిక్ సంగతి మళ్లీ వేరు. అది స్లాగ్ గుండా రాదు, రన్‌టైమే మామూలు టెక్స్ట్‌గా స్టాండర్డ్ ఎర్రర్‌లోకి రాస్తుంది. దానికి లెవెలూ ఉండదు, జేసన్ కూడా కాదు.

హెచ్‌టీటీపీ సర్వర్ ఎర్రర్‌లాగ్ ఫీల్డ్‌కి న్యూలాగ్‌లాగర్ (స్లాగ్‌లోకి రాసే పాత తరహా లాగర్) ఇచ్చేటప్పుడు ఏ లెవెల్ ఇవ్వాలన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. ఎర్రర్ ఇస్తే, టీఎల్‌ఎస్ పోర్టును కేవలం టీసీపీ కనెక్షన్‌తో తట్టి వెళ్లే హెల్త్ చెక్ ప్రతిసారీ ఒక హ్యాండ్‌షేక్ ఎర్రర్ వరుస పుట్టిస్తుంది. విసుగొచ్చి డీబగ్ ఇస్తే, హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ హ్యాండ్లర్‌లో జరిగిన ప్యానిక్‌ల వివరం కూడా అదే దారిలో వస్తుంది కాబట్టి అదీ మాయమవుతుంది. ముందు ప్యానిక్‌ని పట్టుకునే సొంత రికవర్ మిడిల్‌వేర్ రాసి దాన్ని ఎర్రర్‌గా లాగ్ చేయండి, ఆ తర్వాత మాత్రమే ఈ ఫీల్డ్‌ని కిందికి దించండి.

ప్రోగ్రామ్ నడుస్తుండగా లెవెల్ మార్చడానికి ఉన్న లెవెల్‌వార్ చక్కటి సదుపాయం. హ్యాండ్లర్ ఆప్షన్లలో దాని పాయింటర్ ఇచ్చి, బయటికి తెరవని అడ్మిన్ పోర్టు నుంచి సెట్ పిలిస్తే రీస్టార్ట్ లేకుండా డీబగ్ మొదలవుతుంది, ఆగిపోతుంది. ఎన్ని గోరూటీన్లు (ఒకేసారి నడిచే పనులు) ఉన్నా లాక్ బెంగ లేదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి చదివేటప్పుడు మాత్రం ఒక సంగతి: పెద్దక్షరాలు, చిన్నక్షరాలు ఏవైనా పర్వాలేదు, ‘వార్న్’ అంటే తీసుకుంటుంది, ‘వార్నింగ్’ అంటే తెలియని పేరని ఎర్రర్ ఇస్తుంది. పైథాన్ అలవాటున్నవాళ్లు కాన్ఫిగ్‌లో వార్నింగ్ అనే రాస్తారు. ఆ ఎర్రర్‌ని పట్టించుకోకుండా వదిలేస్తే లెవెల్ సున్నా దగ్గరే, అంటే ఇన్ఫో దగ్గరే ఉండిపోతుంది. స్టార్టప్‌లోనే ఆపి చెప్పడం మేలు.

ఇక అంచుల సంగతి. లైనక్స్‌లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ కింద ఉన్న సర్వీసు స్టాండర్డ్ అవుట్‌పుట్‌లో గానీ స్టాండర్డ్ ఎర్రర్‌లో గానీ రాసిన ప్రతి వరుసా, వేరే సూచన లేకపోతే, దాని లాగ్ నిల్వ అయిన జర్నల్‌లోకి ప్రయారిటీ 6, అంటే ఇన్ఫోగానే వెళ్తుంది. జేసన్ లోపల ఎర్రర్ అని ఉన్నా జర్నల్ దాన్ని చదవదు. జర్నల్‌సీటీఎల్‌లో ఎర్రర్లు మాత్రమే చూపించమంటే ఏమీ రాదు, అంతా బాగుందనుకుంటారు. వరుస మొదట్లో <3> లాంటి ప్రిఫిక్స్ ఉంటే సిస్టమ్‌డీ దాన్ని గుర్తించి, తీసేసి, ఆ ప్రయారిటీ ఇస్తుంది. ఇవి సిస్‌లాగ్ అంకెలు. 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5424లో 0 ఎమర్జెన్సీ నుంచి 7 డీబగ్ దాకా ఉన్నవే. దిశ తిరగబడింది గమనించండి: ఎర్రర్ 3, వార్న్ 4, నోటీస్ 5, ఇన్ఫో 6, డీబగ్ 7. హ్యాండ్లర్‌ని చుట్టి ఈ ప్రిఫిక్స్ చేర్చడం కష్టమేమీ కాదు, కానీ అదే బైనరీని కంటెయినర్‌లో నడిపితే ప్రిఫిక్స్ తీసేసేవాళ్లు ఉండరు, జేసన్ చెడుతుంది. కాబట్టి కాన్ఫిగ్‌లో స్విచ్ పెట్టాలి.

గూగుల్ క్లౌడ్ రన్‌లో తేడా ఇంకోలా కనిపిస్తుంది. అక్కడి లాగింగ్ చూసే కీ ‘సివియారిటీ’, స్లాగ్ రాసే కీ ‘లెవెల్’. దాంతో అన్ని వరుసలూ డిఫాల్ట్ తీవ్రతతోనే పడతాయి, రంగుల్లేవు, ఫిల్టర్ పనిచేయదు. రీప్లేస్‌అట్ర్‌లో కీ పేరు మార్చి, వార్న్‌ని వార్నింగ్ చేసి, మెసేజ్ కీకి కూడా పొట్టి పేరు బదులు పూర్తి పేరు పెడితే సరిపోతుంది. పదిహేను వరుసల పని. ఇది డాక్యుమెంటేషన్‌లో ఒక మూల ఉన్నా చాలామందికి మేలు జరిగేది.

ఏది ఏ లెవెల్ అన్నది స్లాగ్ చెప్పదు, చెప్పాలని ఆశించడమూ తప్పే. పేమెంట్ కోడ్‌ని ఉదాహరణగా తీసుకుందాం, ఎందుకంటే మన దగ్గర యూపీఐ ముట్టుకోని బ్యాకెండ్ అరుదు. ఫెయిలైన పేమెంట్లను యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ రెండుగా విడదీస్తుంది. పిన్ తప్పు కొట్టడం, ఖాతాలో డబ్బు చాలకపోవడం, పరిమితి దాటడం బిజినెస్ డిక్లైన్లు. బ్యాంకు సర్వరో, నెట్‌వర్కో అందకపోవడం టెక్నికల్ డిక్లైన్. ఈ విభజననే లెవెళ్లకు వాడుకోవచ్చు. బిజినెస్ డిక్లైన్ ఇన్ఫో. సిస్టమ్ తన పని తాను సరిగ్గా చేసింది, కస్టమర్ దగ్గర డబ్బు లేదు, అంతే. దాన్ని ఎర్రర్‌గా రాసే టీములు నెలాఖరులో అలర్ట్‌ల వానలో తడుస్తుంటాయి. ఒక్క టెక్నికల్ డిక్లైన్ వార్న్. టైమౌట్ వచ్చి, స్టేటస్ చెక్ మళ్లీ చేస్తున్నంతసేపూ వార్నే. చెక్‌లన్నీ అయిపోయినా డబ్బు వెళ్లిందో లేదో తేలకపోతే అప్పుడు ఎర్రర్, ఎన్నిసార్లు ప్రయత్నించారన్న సంఖ్యతో సహా, ఒకే ఒక్క వరుస. తప్పు పిన్‌లు ఒక్కసారిగా మూడింతలైతే పట్టుకోవాల్సింది మెట్రిక్ మీద పెట్టిన అలర్ట్. దానికోసం లెవెల్ పెంచొద్దు.

వార్న్‌కి గట్టి నిర్వచనం లేకపోతే అటూ ఇటూ కాని ప్రతిదీ అందులో చేరుతుంది. పని జరిగింది కానీ అనుకున్న దారిలో కాదు, లేదా ఇలాగే వదిలేస్తే ఎర్రర్ అవుతుంది: ఈ రెంటిలో ఒకటైతేనే వార్న్. కాష్ దొరక్క డేటాబేస్‌కి వెళ్లడం మొదటి రకం, రెండు వారాల్లో గడువు తీరే సర్టిఫికెట్ రెండో రకం. యూజర్ బ్రౌజర్ మూసేయడంతో వచ్చే కాంటెక్స్ట్ క్యాన్సిల్డ్ వార్న్ కూడా కాదు, డీబగ్ చాలు. డెడ్‌లైన్ దాటడం వేరు, అది మనం పెట్టిన గడువు, మన సమస్య. ఎర్రర్‌ని పైకి తిరిగిచ్చే ఫంక్షన్ లాగ్ చేయకూడదు, చుట్టి పంపాలి. రిపోజిటరీ, సర్వీసు, హెచ్‌టీటీపీ హ్యాండ్లర్ ముగ్గురూ రాస్తే ఒక వైఫల్యం మూడుగా లెక్కకొస్తుంది.

డీబగ్ ఆఫ్‌లో ఉంటే ఖర్చు ఉండదనుకోవద్దు. ఫంక్షన్‌కి ఇచ్చే ఆర్గ్యుమెంట్లను గో ముందే లెక్కిస్తుంది. రిక్వెస్ట్ బాడీ మొత్తాన్ని స్ట్రింగ్‌గా మార్చి డీబగ్‌కి ఇస్తే ఆ మార్పిడి జరిగే తీరుతుంది, వరుస మాత్రం రాయదు. యూఆర్‌ఎల్ లాంటివాటిని స్ట్రింగ్ చేయకుండా పాయింటర్‌గా ఇవ్వండి, బరువైనవాటికి ఎనేబుల్డ్ (ఆ లెవెల్ తెరిచి ఉందా అని చెప్పేది) అడిగి చూడండి, లేదంటే లాగ్‌వాల్యుయర్ (లాగ్‌లో ఏ విలువ పడాలో టైపే చెప్పే పద్ధతి) రాయండి. కార్డు నంబరు, టోకెన్ లాంటి టైపులకు లాగ్‌వాల్యుయర్‌లోనే అంకెలు దాచేస్తే ప్రొడక్షన్‌లో డీబగ్ తెరిచినా బయటపడవు.

ప్యాకేజీకి ఒక లెవెల్ పెట్టే ఏర్పాటు స్లాగ్‌లో లేదు. జావా వైపు నుంచి వచ్చినవాళ్లకు ఇది పెద్ద లోటుగానే అనిపిస్తుంది. దానికి బదులు ఎనేబుల్డ్‌కి కాంటెక్స్ట్ (రిక్వెస్ట్ వివరాలు మోసే విలువ) అందుతుంది కాబట్టి, ఫలానా యూజర్ రిక్వెస్ట్‌కి మాత్రమే డీబగ్ తెరిచే హ్యాండ్లర్ రాసుకోవచ్చు. ఫిర్యాదు చేసిన ఒక్క కస్టమర్ వెంట పడటానికి ఇంతకన్నా మంచి దారి లేదు. రెండు చోట్ల తప్పుతుంది. ఉత్త డీబగ్ పిలిస్తే ఖాళీ కాంటెక్స్ట్ వెళ్తుంది, డీబగ్‌కాంటెక్స్ట్ పిలవాలి. ఇంకా, పాత హ్యాండ్లర్‌ని ఎంబెడ్ చేసి ఎనేబుల్డ్ ఒక్కటే మార్చి ఊరుకుంటే, ఎవరైనా లాగర్‌కి అట్రిబ్యూట్లు చేర్చే విత్ పిలిచిన క్షణాన లోపలి హ్యాండ్లర్ బయటికొచ్చి మన చుట్టు ఊడిపోతుంది. విత్‌అట్ర్స్, విత్‌గ్రూప్ రెండూ మళ్లీ రాసి తీరాలి.

ఇప్పటికే జాప్ మీద ఉన్న పెద్ద కోడ్‌బేస్ అయితే మొత్తం మార్చే అవసరం లేదు. కొత్త కోడ్‌ని స్లాగ్‌తో రాసి, వెనక జాప్‌స్లాగ్ (స్లాగ్ వరుసల్ని జాప్‌కి పంపే హ్యాండ్లర్) పెట్టుకోవచ్చు. కాకపోతే అది లెవెళ్లను నాలుగింటికే కుదిస్తుంది: నోటీస్ ఇన్ఫోలోనూ, ట్రేస్ డీబగ్‌లోనూ, 12 అని పెట్టుకున్న ఎమర్జెన్సీ ఎర్రర్‌లోనూ కలిసిపోతాయి. సొంత లెవెళ్ల మీద అలర్ట్‌లు కట్టుకున్నవాళ్లు ఆ తేడాని లెవెల్‌లో కాకుండా వేరే అట్రిబ్యూట్‌లో పంపాలి.