300 ప్లాన్‌కి 94 వస్తోందా? లైన్‌ని తిట్టే ముందు రౌటర్ తిరగేసి చూడండి

మాది హైదరాబాద్‌లో ప్రగతి నగర్, అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. ఇక్కడి కేబుల్ ఆపరేటర్ దగ్గర ఒక కంపెనీ 300 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్ తీసుకున్నాను. ఏడాదికి ఒకేసారి కడితే ఒక నెల ఫ్రీ అన్నాడు. పది వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 11,800 ఒక్క దెబ్బకి కట్టేశాను. కట్టాక మొదలైంది అసలు కథ. కొత్త కనెక్షన్ తీసుకోబోయేవాళ్లు, ముఖ్యంగా దాంతోపాటు ఆపరేటర్ దగ్గరే రౌటర్ కూడా కొనబోయేవాళ్లు, కాస్త ఆగి ఇది చదవండి.

కంపెనీ ఫ్రీగా ఇచ్చిన ఫైబర్ పెట్టెలో వైఫై ఉంది కానీ 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే. ఫోన్‌లో స్పీడ్ 40 దాటలేదు. ఇందులో మోసమేమీ లేదు. అపార్ట్‌మెంట్లలో పక్కింటివాళ్ల వైఫైలన్నీ ఆ బ్యాండ్ మీదే కొట్టుకుంటుంటాయి, అంతకన్నా ఎక్కువ ఆశించకూడదు. ఆపరేటర్ కూడా అదే చెప్పాడు. చెప్పి, "డ్యూయల్ బ్యాండ్ రౌటర్ పెట్టుకోండి సార్, 1200 స్పీడ్‌ది ఉంది, మీకైతే 2,700కి ఇస్తా" అన్నాడు. అట్ట మీద నిజంగానే 1200 అని పెద్దక్షరాల్లో ఉంది. మనం తీసుకున్నదే 300, దానికి 1200 రౌటర్ అంటే ఇంకేం కావాలి అనుకున్నాను. బిల్లు అడగలేదు. అది నా తప్పే.

పెట్టాక స్పీడ్ పెరిగింది. 94 అయింది. అక్కడే ఆగిపోయింది. పొద్దున 94, రాత్రి 94, రౌటర్ పక్కన కూర్చున్నా 94. ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి చూసినా 94.

మూడు వారాలు కస్టమర్ కేర్‌తో సరిపోయింది. రీస్టార్ట్ చేయండి అన్నారు. ఫోన్ పాతదేమో అన్నారు. గోడలు మందంగా ఉన్నాయేమో అన్నారు. (ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి చూశానని చెప్పినా గోడల సంగతే.) మూడుసార్లు కంప్లయింట్ నంబర్ ఇచ్చారు, మూడుసార్లూ ఎవరూ రాకుండానే "సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. టెలికాం కంపెనీల మీద నియంత్రణ సంస్థ ట్రాయ్ మన ఒక్కొక్కరి ఫిర్యాదు నేరుగా తీసుకోదు. కానీ కస్టమర్ కేర్‌తో పని కాకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీకి అప్పీల్ చేసుకోవచ్చు. దానికి పాత కంప్లయింట్ నంబర్లు కావాలి, కాబట్టి ఆ మెసేజ్‌లు డిలీట్ చేయకండి. నేను అప్పీల్ పెట్టాకే కంపెనీ నుంచి ఒక సీనియర్ టెక్నీషియన్ వచ్చాడు.

వచ్చినాయన నా రౌటర్ వైపు చూడనే లేదు. రౌటర్ వైరు పీకేసి తన ల్యాప్‌టాప్‌ని నేరుగా ఫైబర్ పెట్టెకి పెట్టాడు. 298. నా మొహం చూడాలి అప్పుడు.

"మరి నాకు 94 ఎందుకొస్తోంది?" అంటే, "94 అన్నారంటే చూడకుండానే చెప్పొచ్చు సార్, మధ్యలో ఎక్కడో వంద పోర్ట్ ఉంది" అని రౌటర్ తిరగేశాడు. అడుగున చిన్న అక్షరాల్లో 10/100 అని ఉంది. అంటే దాని పోర్టులన్నీ, వైరు గుచ్చే రంధ్రాలన్నీ, వంద ఎంబీపీఎస్‌వే. ఆ వందలో డేటా ప్యాకెట్ల మీద చిరునామాల్లా ఉండే హెడర్లకి ఐదారు శాతం పోగా మన చేతికొచ్చేది 94, 95. అందుకే ఆ అంకె అలా బండరాయిలా కదలదు. లైన్‌లో రద్దీ ఉంటేనో, వైఫై అందకపోతేనో స్పీడ్ పైకీ కిందకీ ఊగుతుంది, ఇలా ఒకేచోట నిలబడదు.

మరి ఆ 1200 ఏమిటంటే, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి 867, 2.4కి 300, రెండూ కూడి పైకి సర్దిన లెక్క. అదంతా రౌటర్‌కీ ఫోన్‌కీ మధ్య గాలిలో, అదీ కాగితం మీద. బయటి నుంచి నెట్ లోపలికొచ్చే వాన్ పోర్ట్ వందదే. అరంగుళం నల్లా కనెక్షన్ పెట్టుకుని ఇంట్లో ఎన్ని షవర్లు బిగిస్తే ఏం లాభం? అట్ట మీద అబద్ధం లేదు, అదే నా కడుపుమంట. 300 ప్లాన్ అమ్మిన మనిషే దాన్ని వందకి కట్టేసే రౌటర్ అంటగట్టాడు. తెలిసి చేశాడో తెలియక చేశాడో గానీ, వెనక్కి తీసుకోమంటే "బాక్స్ ఓపెన్ చేశారు కదా సార్" అన్నాడు. కంపెనీని అడిగితే అది లోకల్ ఆపరేటర్ సొంత వ్యాపారం, మాకు సంబంధం లేదన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామా అంటే చేతిలో బిల్లు లేదు.

వేరే రౌటర్ నేనే వెతికి కొన్నాను, ఈసారి వాన్, ఇంట్లోకి వైర్లు వెళ్లే లాన్, రెండు రకాల పోర్టులూ 10/100/1000 అని చూసుకుని. హాల్లో ఫోన్‌కి 280 వచ్చింది. పడగ్గదిలో ఆఫీసు ల్యాప్‌టాప్‌కి వైరు పెడితే మళ్లీ అదే 94! ఈసారి దొంగ వైరు. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి. ఇల్లు కట్టినప్పుడు ఎలక్ట్రీషియన్ నాలుగు నెట్‌కి వాడి, మిగతా నాలుగు ఇంటర్‌కమ్‌కి లాగాడు. కొత్తగా క్యాట్ 6 రకం నెట్ కేబుల్ వేయించాక గానీ కుదరలేదు. మీ ఇంట్లోనూ చూసుకోండి. విండోస్ ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ తెరిచి, ఈథర్నెట్ దగ్గర లింక్ స్పీడ్ చూడండి. 1000/1000 ఉండాలి. 100/100 ఉంటే పోర్ట్ దగ్గరో వైరు దగ్గరో తేడా ఉన్నట్టే, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినా లాభం లేదు. కొన్ని ఫైబర్ పెట్టెల్లో కూడా ఒక్క పోర్టే గిగాబిట్, పక్కది వంద. వైరు ఒక రంధ్రంలోంచి తీసి ఇంకోదాంట్లో పెట్టగానే స్పీడ్ మూడింతలైన ఇళ్లున్నాయి.

స్మార్ట్ టీవీకి వైరు పెట్టి 94 చూసి గొడవకి మాత్రం వెళ్లకండి. చాలా టీవీల్లో పోర్టే వందది. 4కే సినిమాకి 25 ఉన్నా చాలు. అలాగే డౌన్‌లోడ్‌లో 37 ఎంబీ అని చూపిస్తే అది 300 ఎంబీపీఎస్సే. ప్లాన్ లెక్క బిట్లలో, అక్కడ లెక్క బైట్లలో ఉంటుంది; బైటుకి ఎనిమిది బిట్లు, కాబట్టి ఎనిమిదితో గుణించుకోవాలి.

ఇప్పుడైతే నేను ఏడాది డబ్బు ఒకేసారి కట్టను. మొదట ఒక్క నెలే. బిగించడానికి వచ్చిన అబ్బాయి వెళ్లకముందే ఫైబర్ పెట్టెకి నేరుగా ల్యాప్‌టాప్ పెట్టించి చూస్తాను. స్పీడ్ టెస్ట్ యాప్ మామూలుగా ఆ కంపెనీ సొంత సర్వర్‌నో పక్కనున్నదాన్నో ఎంచుకుంటుంది, కాబట్టి వేరే సర్వర్ మార్చి కూడా చూస్తాను. రాత్రి తొమ్మిదికి మరోసారి. ఒక ఫైబర్ పోగునే 32, 64 ఇళ్లకి పంచుతారు, అందరూ ఇంట్లో ఉండే ఆ వేళ వచ్చేదే అసలు స్పీడ్. రౌటర్ అమ్ముతానంటే మోడల్ నంబర్ వాట్సాప్‌లో పెట్టమంటాను, పోర్టులు చూశాకే డబ్బు, బిల్లు తప్పనిసరి.

ఆ 2,700 రౌటర్ తణుకులో మా మామగారింటికి పంపాను. వాళ్లది 60 ఎంబీపీఎస్ ప్లాన్. అక్కడ 60కి 60 వస్తోందట, అల్లుడు మంచి సరుకు కొనిచ్చాడని వీధంతా చెబుతున్నారు.