జిమ్‌లో అమ్మే "సైకిల్ ప్యాక్" అస్సలు కొనకుర్రి

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ సైడ్ జిమ్‌లకు పోయే తమ్ముళ్లు జర ఇది చదువుర్రి. మా తమ్మునికి వాళ్ల ట్రైనర్ ప్రోటీన్ డబ్బాతో పాటు బాడీ పెంచే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, గోళీలు కలిపి కొన్ని వారాల కోర్సు లెక్క "సైకిల్ ప్యాక్" అని అమ్మిండు, లివర్ సపోర్ట్ గోళీ కూడ ఇస్తున్న ఏం కాదు అన్నడు. బాడీ మస్తు వచ్చింది, అది నిజం. తర్వాత కుడి డొక్కల బరువుగ ఉంటుందని అల్ట్రాసౌండ్ చేపిస్తే లివర్‌ల గడ్డలు కనపడ్డయి.

స్కాన్ చేసే డాక్టర్ ప్రోబ్ అక్కడే ఆపి, జిమ్‌ల ఏమన్న తీసుకుంటున్నవా అని అడిగిండు, వీడు ప్రోటీన్ ఒక్కటే సార్ అన్నడు, గట్టిగ అడిగితే గానీ స్టానజొలాల్ అనే స్టెరాయిడ్ పేరు బయటికి రాలే. దయచేసి స్కాన్ కాడ అబద్ధం చెప్పకుర్రి, ఎందుకంటే ఈ స్టెరాయిడ్ గోళీలతోని లివర్‌ల అడినోమా అనే క్యాన్సర్ కాని గడ్డలు రావచ్చు, పెలియోసిస్ అని రక్తం నిండిన గుంటలు కూడ కావచ్చు, అవి పగిలితే కడుపులనే బ్లీడింగ్, సంగతి తెల్వక టెస్ట్ కోసం ముక్క తీసే బయాప్సీ సూది గుచ్చినా అదే ప్రమాదం. అందుకే ముందు కాంట్రాస్ట్ ఎంఆర్ఐ రాసిర్రు, అందుల అడినోమా అని తేలింది. బంద్ చేస్తే చాలామందికి చిన్నగ అయితయంట, మళ్ల స్కాన్‌కు రమ్మన్నరు. గుండెకు చేసే ఎకో స్కాన్‌ల గుండె ఎడమ గోడ కూడ మందంగ ఉంది, దానికి ఏ లివర్ సపోర్ట్ గోళీ పనిచేస్తది చెప్పుర్రి? ఎల్ఎఫ్‌టీ (లివర్ రక్త పరీక్ష) నార్మల్ వస్తే గడ్డ లేనట్టు కాదు, ఇంకోదిక్కు బరువులెత్తితే కూడ ఆ పరీక్షల చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎంజైమ్‌లు పెరుగుతయి, ఒక్క రక్తం రిపోర్ట్ చూసి ధైర్యం పడొద్దు.

ఆ సీసా నేనే చేతుల పట్టుకొని చూసిన, హోలోగ్రామ్ మెరుస్తుంది గానీ తయారీ లైసెన్స్ నంబర్ లేదు, కంపెనీ అడ్రస్ లేదు, ఎక్స్‌పైరీ స్టిక్కర్ గీకితే కింద ఇంకో పాత డేట్ ఉంది. పైసలు వాపస్ అడిగితే ఆ ట్రైనర్ మీవోడే డోస్ ఎక్కువ కొట్టిండు అని మా మీదికే లేచిండు.

ఆల్రెడీ వాడుతున్నోళ్లు భయపడి మీ అంతట మీరే గప్‌చుప్‌గ ఆపేసి ఊకోకుర్రి, లోపల సొంత టెస్టోస్టిరాన్ హార్మోన్ పడిపోయి ఉంటది కాబట్టి హార్మోన్ల డాక్టర్ (ఎండోక్రినాలజిస్ట్)ను కలువుర్రి. ఖాళీ సీసాలు, పైసలు పంపిన స్క్రీన్‌షాట్లు పారెయ్యకుర్రి, వెంగళరావు నగర్ డ్రగ్స్ కంట్రోల్ ఆఫీసుల కంప్లైంట్ ఇచ్చేటప్పుడు అవే పనికొస్తయి, మేము కూడ అవే పట్టుకొని పోతున్నం.