మొక్కు రొట్టెల పెట్టె: 12 రొట్టెలు, 360 రూపాయలు

రెండేళ్ల కిందట స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ముక్కూ మొహం తెలియని ఒక పెద్దాయన చేతి నుంచి మా అబ్బాయి కోసం ఉద్యోగ రొట్టె తీసుకున్నాను. పోయిన సంక్రాంతికి ఉద్యోగం వచ్చింది. ఇక ఈ మొహర్రానికి బాకీ తీర్చాలి. నెల్లూరులో పుట్టి పెరిగినవారికి మా రొట్టెల పండుగ గురించి వివరించనక్కరలేదు. మిగతావారి కోసం ఒక్క మాట: పన్నెండుగురు షహీదుల (అమరవీరుల) సమాధులున్న బారాషహీద్ దర్గా పక్కన ఉన్న ఈ చెరువులో కోరిక ఉన్నవారు రొట్టె తీసుకుంటారు, అది తీరినవారు మళ్లీ వచ్చి అదే పేరుతో రొట్టె ఇస్తారు. హిందువులూ ముస్లిములూ అని లేదు, లక్షల మంది వస్తారు.

సరిగ్గా పండుగకు పది రోజుల ముందు మేడమెట్ల మీద జారి పడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. పిండి కలపాల్సిన చేతికి పిండికట్టు పడింది. మా వారికి వంటింట్లో టీ పెట్టడం వరకే వచ్చు. ఏటా నాకు సాయం చేసే పక్కింటి బీబమ్మ గారు కావలిలో కూతురి దగ్గర ఉన్నారు. ఆ సమయంలో మా ఊరి పెద్ద మిఠాయి దుకాణం ఒకటి ఫోనులో పంపిన ప్రకటన కనబడింది. ‘మొక్కు రొట్టెల పెట్టె. పన్నెండుగురు షహీదుల పేరిట పన్నెండు రొట్టెలు. ఇంటికే తెచ్చి ఇస్తాం.’ దుకాణం పేరు చెప్పను. కొన్నవారికి ఎలాగూ తెలుస్తుంది.

ముందు మంచి మాటలు. చెప్పిన రోజునే తెచ్చారు. తెచ్చిన కుర్రవాడు నా చేతికట్టు చూసి, పెట్టె లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లాడు. అట్ట గట్టిది, మూత బిగువుగా ఉంది. ఇక్కడితో మంచి మాటలు అయిపోయాయి.

ఆకుపచ్చ అట్ట మీద బంగారు రంగులో దర్గా గుమ్మటాలు, మినార్లు అచ్చు వేశారు. చూడటానికి బాగానే ఉంది. కానీ రొట్టె అయిపోయాక ఆ పెట్టె ఏమవుతుంది? మరునాడు చెరువు గట్టున చూశాను. అవే పెట్టెలు బురదలో పడి ఉన్నాయి. గుమ్మటాల మీద చెప్పుల గుర్తులు. చెప్పులు దూరంగా విడిచి, తల మీద కొంగు కప్పుకుని లోపలికి వెళ్లే చోటు అది. ఆ బొమ్మను పారేసే అట్ట మీద వేయకూడదన్న ఆలోచన అచ్చు వేయించిన వారికి ఎందుకు రాలేదో! పెళ్లి శుభలేఖ మీద వెంకటేశ్వర స్వామి బొమ్మ ఉంటే దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఏళ్ల తరబడి బీరువాలో దాచుకునే ఇల్లు మాది. బహుశా అందుకే నాకు ఇంత పట్టింపు కావచ్చు.

పెట్టె తెరిస్తే ఒక్కో రొట్టె ఒక్కో ప్లాస్టిక్ కవరులో ఉంది, కవరు మీద చీటీ. విద్య, ఉద్యోగం, వివాహం, సంతానం, ఆరోగ్యం, స్వగృహం, వీసా... ఇలా పన్నెండు. నాకు కావలసింది ఒక్కటే కదా, మిగిలిన పదకొండూ ఏం చేసుకోను అని దుకాణానికి ఫోను చేశాను. విడిగా కూడా అమ్ముతారట. రొట్టె 30 రూపాయలు, వీసా రొట్టె మాత్రం 40.

“అదేమిటి నాయనా, అందులో ఏమైనా నెయ్యి ఎక్కువ వేశారా?”

“లేదమ్మా, పిండి ఒకటే. వీసాకు గిరాకీ ఎక్కువ.”

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఆరోగ్య రొట్టె ఎంత అని కూడా అడిగాను. నాలుగు కొంటే ఒకటి ఉచితమట.

నా అసలు అభ్యంతరం ధర గురించి కాదు, ఆ చీటీ గురించి. ఇచ్చే మనిషికి జరిగిన మేలును బట్టి రొట్టెకు పేరు వస్తుంది. మా ఇంట్లో ఎవరికీ వీసా రాలేదు. ఆ రొట్టె పట్టుకుని నీళ్లలో దిగి ‘వీసా రొట్టె, వీసా రొట్టె’ అని పిలిస్తే, నా ఎదుట చేయి చాచిన పిల్లను మోసం చేసినట్టే. మరి దుకాణం ఏ మేలు పొంది పన్నెండు పేర్లతో చీటీలు అంటించింది? ఇదే మాట ఫోనులో అడిగితే యజమాని వచ్చి, “మేము అమ్ముతున్నది రొట్టె మాత్రమేనమ్మా, నమ్మకం మీది” అన్నాడు. అలాంటప్పుడు ఉత్త రొట్టెలు అమ్మితే సరిపోయేది. చీటీ అంటించి పది రూపాయలు పెంచింది మా నమ్మకానికే కదా!

అమ్మకమే తప్పని అనడం లేదు. పండుగ అంటేనే సంత. ఈ పండుగను రాష్ట్ర పండుగగా ప్రకటించక ముందు నుంచీ పొదలకూరు రోడ్డు పొడవునా గాజుల కొట్లు, బొమ్మల కొట్లు, మిఠాయి కొట్లు ఉండేవి. గట్టు మీద పొయ్యి పెట్టుకుని వేడివేడిగా రొట్టెలు కాల్చి ఇచ్చే ఆడవాళ్లూ ఉన్నారు. దూరం నుంచి రైలెక్కి వచ్చినవారు వాళ్ల దగ్గరే కొంటారు. వాళ్లు ఇది ఫలానా రొట్టె అని చెప్పరు. కాల్చి చేతిలో పెడతారు. పేరు నీళ్లలోకి దిగాక మనమే చెప్పుకుంటాం.

మా నాయనమ్మ చెప్పిన కథలో కూడా రొట్టె చాలా మామూలుది. ఇక్కడ చెరువులో బట్టలు ఉతికే రజక దంపతులు పొద్దుపోయి గట్టునే నిద్రపోయారట. భార్య కలలోకి షహీదులు వచ్చి, ఆర్కాటు నవాబు భార్య జబ్బుతో ఉంది, మా సమాధుల దగ్గరి మట్టి ఆమె నుదుట పెడితే నయమవుతుంది అన్నారట. మట్టి వెళ్లింది, జబ్బు నయమైంది, నవాబు దంపతులు ఇక్కడికి వచ్చారు. ఆ రోజు అందరూ కలిసి పంచుకున్నది ఆ నవాబు దంపతులు తినడానికి తెచ్చుకున్న రొట్టెలే. ఇంటి మూట నుంచి వచ్చిన తిండి అది. తిరుపతి లడ్డుకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు పెట్టుకుని వేరెవరూ లడ్డు అమ్మడానికి వీల్లేదు. మా రొట్టెకు కొలతలు లేవు, తిరుమల వంటశాల లాంటి పోటు లేదు, హక్కుదారు లేడు. అందుకే ఎవరికి తోచిన చీటీ వాళ్లు అంటించేస్తున్నారు.

ఇక రుచి. ఒకటి చూద్దామని వివాహ రొట్టె తెరిచాను (మా ఇంట్లో పెళ్లి కావలసినవారు ఎవరూ లేరు). వనస్పతి వాసన. అంచులు అప్పడంలా, నడుమ అట్టలా ఉంది. తీపి ఉందో లేదో తేల్చుకోవడానికే రెండు ముక్కలు తినాల్సి వచ్చింది. మూడు రోజులు నిలవ ఉంటుందని పెట్టె మీద రాశారు కానీ ఏ రోజు నుంచి మూడు రోజులో రాయలేదు. కవరులో కట్టి అమ్మే తిండి మీద తయారీ తేదీ ఉండాలి. విడిగా అమ్మే మిఠాయిలకే ఎప్పటిలోగా తినాలో చెప్పాలని 2020 అక్టోబరు నుంచి నిబంధన ఉంది. గుమ్మటాలకు బంగారు రంగు అద్దడానికి చోటు దొరికింది, తేదీకి దొరకలేదు.

అయినా వేరే దారి లేదు. చీటీ గోటితో గీకి తీసి, ఉద్యోగ రొట్టెను మా ఇంటి గుడ్డలో చుట్టుకుని వెళ్లాను. కోటమిట్ట నుంచి దర్గాకు గంధం ఊరేగింపు వచ్చిన మరునాటి ఉదయం అది. మా వారు ఎడమ చేయి పట్టుకుని నీళ్లలోకి దించారు. ‘ఉద్యోగ రొట్టె’ అని రెండు సార్లు అన్నానో లేదో, ఒంగోలు నుంచి వచ్చిన ఒక అమ్మాయి గబగబా నీళ్లు తోసుకుంటూ వచ్చింది. ఇరవై మూడేళ్లు ఉంటాయేమో. మా అబ్బాయికి ఏ ఉద్యోగం, ఎన్ని ఇంటర్వ్యూలకు వెళ్లాడు, రొట్టె తీసుకున్న ఎన్ని నెలలకు వచ్చింది, అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను. ఇది కొన్న రొట్టె అని కూడా చెప్పేశాను. తను నా చేతికట్టు వైపు చూసి ఏమీ అనలేదు. కొంగు పట్టి రొట్టె తీసుకుని, కళ్లు మూసుకుని, అక్కడే ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. కాసేపు నమిలింది. ఇంకాసేపు నమిలింది.

“ఆంటీ, తాగడానికి నీళ్లున్నాయా?”

చెరువులో నిలబడి మనిషి తాగడానికి నీళ్లు అడిగేంత రొట్టె అది. గట్టు మీద ఉన్న మా వారి దగ్గర సీసా తీసుకుని తాగి, నాకు దణ్ణం పెట్టి వెళ్లింది.

అయిదు చుక్కలకు ఒకటిన్నర ఇస్తున్నాను. ఒకటి సమయానికి తెచ్చిన కుర్రవాడికి, అర గట్టి అట్టకు.

ఒకటి ఇవ్వగా, ఒకటి రుచి చూడగా మిగిలిన పది రొట్టెలను ఏం చేయాలో తోచలేదు. పారేయడానికి చేయి రాలేదు, ఇవ్వడానికి నోరు రాలేదు. కావలి నుంచి తిరిగి వచ్చిన బీబమ్మ గారు చీటీలన్నీ చదివి, “ఇన్ని కోరికలా నీకు!” అని నవ్వి పెట్టె తీసుకెళ్లారు. సాయంత్రానికి పదీ నలిపి, బెల్లం, నెయ్యి, యాలకుల పొడి వేసి మలీదా చేశారు. కొన్న రొట్టెలని ఫాతెహా ప్రార్థనకు మాత్రం పెట్టలేదట, వీధి పిల్లలకు పంచారు. మాకు పంపిన గిన్నెలో వీసా ఎక్కడ ఉందో, స్వగృహం ఎక్కడ ఉందో తెలియలేదు. మా వారు రెండోసారి పెట్టించుకున్నారు.